చేతిపనికి చూపు సాయం

బాపట్ల పట్టణంనుంచి సముద్రంవైపు తొమ్మిది కిలోమీటర్లు పోతే సూర్యలంక వస్తుంది. సెలవుదినాలలో అక్కడికి పోయేవారు సముద్రస్నానానికి పోతారు. సూర్యోదయం చూచి తిరిగివస్తారు. ఆ జనసమ్మర్దానికి కొంచెం ఎడంగా పోతే, పడవల నీడన మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు. ఒకనాటి ఉదయం నేను అటువంటి ఒక వృద్ధుని ఎదుట ఇసుకలో కూర్చుని, ఆయన చినిగిన వలను అల్లుతూ ఉంటే చూచినాను. పైకన్నులోనుంచి దారం లాగి, బొటనవ్రేలితో అదిమిపట్టి, దారాన్ని ఒక ప్రక్కకు విసరి వలయం చేసి, సూదిని కన్ను వెనుకగా పోనిచ్చి బిగించడం. పనియంతా ఇంతే. ఒక ముడికి రెండు మూడు క్షణాలకంటె పట్టదు. నాకూ నేర్పవలసిందని అడిగినాను. ఆయన నవ్వి, దారమూ సూదీ నా చేతికిచ్చినాడు. ఒకటికి పదిసార్లు చూచినాను, పదిసార్లు తప్పినాను. ముడి బిగిసినట్లే కనిపించి, లాగగానే ఊడిపోయేది.

అప్పుడాయన అన్నమాట నేను మరువలేదు. “ఎదురుగా కూర్చుంటే నా చెయ్యి మీకు తిరగబడి కనపడుద్ది బాబూ. ఇటొచ్చి నా పక్కన కూర్చోండి.” నేను లేచి ఆయన కుడిచేతి ప్రక్కన, ఆయన చూచే దిక్కుకే ముఖం పెట్టి కూర్చున్నాను. మూడవసారికి ముడి నిలిచింది.

పని నేర్పడంలో చూపునకు గల స్థానమేమిటి, బొమ్మ ఎంతవరకు సాయపడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అనే ప్రశ్నకు మనుష్యులు నాలుగువందల సంవత్సరాలకు పైగా సమాధానాలు వెదకుతున్నారు. ఆ చరిత్రను స్థూలంగా మనవి చేయడం ఈ ప్రసంగం ఉద్దేశం. చూపడానికి ఏమీలేక, మాటతోనే అన్నీ నేర్పవలసి వచ్చే రేడియో ఉద్యోగి ఈ విషయం చెప్పడం కొంత విడ్డూరమే. కాని లేనివాడికే వస్తువు విలువ బాగా తెలుస్తుందంటారు గదా!

మన చేతివృత్తులలో విద్య పెద్దలనుంచి పిన్నలకు సాధారణంగా పుస్తకం లేకుండానే వచ్చినది. తండ్రి ప్రక్కన కొడుకు, అత్త ప్రక్కన కోడలు కూర్చుని నేర్చుకొన్నారు. అయినా బొమ్మ బొత్తిగా లేదనలేము. బాపట్లకు సమీపాననే ఉన్న చీరాల ఒకప్పుడు తేలియా రుమాళ్ళకు ప్రసిద్ధి. నూలును నూనెలోను, ఆముదపుకాయల బూడిద నీటిలోను నానబెట్టి తయారుచేసి, నేయడానికి ముందే దారాలను కట్లుకట్టి రంగులద్దే విద్య అది. తర్వాత నల్లగొండ ప్రాంతపు పుట్టపాకలో అది బాగా వేళ్ళూనుకొన్నది. ఈ చిటికీ పనిలో పేటు నూలును ఆసు అనే అర్ధచంద్రాకారపు చట్రంమీద చుట్టుతారు. ఏ దారం ఎక్కడ కట్టవలెనో గళ్ళ కాగితంమీద గుర్తులు వేసుకొంటారు. ఆ గళ్ళ కాగితం ఒక బొమ్మే. కాని కట్టు ఎంత బిగువుగా ఉండవలెనో ఆ కాగితం చెప్పదు. బిగువు చాలకపోతే రంగు లోపలికి పాకుతుంది. ఏది చేయవలెనో కాగితం చెప్పినది. ఎట్లా చేయవలెనో చేయి చెప్పినది. ఈ రెండింటి భేదం గుర్తుంచుకొంటే తరువాతి కథ సులభంగా బోధపడుతుంది.

ఇంకొక చిత్రం. మగ్గంమీద తెగిన పోగును అతకడానికి సాలెవారు వేసే ముడీ, వలకన్నుకు మత్స్యకారులు వేసే ముడీ నిర్మాణంలో ఒక్కటే. కాగితంమీద గీస్తే రెంటికీ ఒకే బొమ్మ చాలును. కాని సాలెవాని వ్రేళ్ళు సన్నని నూలుమీద చేసే పని వేరు, మత్స్యకారుని చేయి సూదితో చేసే పని వేరు. ఒకరి పనితనం రెండవవారికి బొమ్మద్వారా రాదు.

ఇక ఐరోపాఖండానికి పోదాము. గనుల త్రవ్వకంమీద అగ్రికోలా అనే జర్మన్ పండితుడు వ్రాసిన లాటిన్ గ్రంథం 1556లో వెలువడినది. యంత్రాలను, పనిముట్లను మాటలలో మాత్రమే వర్ణిస్తే నాటివారికీ, ముందుతరాలవారికీ బోధపడదని ఆయన చిత్రకారులచేత బొమ్మలు వేయించినాడు. కొయ్యదిమ్మెలమీద చెక్కి అచ్చువేసిన ఆ బొమ్మలలో నేల కోసినట్లు చూపి, భూగర్భంలోని సొరంగాలను, నీళ్ళు తోడే చక్రాలను కన్నులకు కట్టించినారు. కంటికి కనిపించని లోపలి భాగాన్ని చూపగలగడం బొమ్మకున్న మొదటి శక్తి. దీనిని ఏ గురువూ తన చేతితో చూపలేడు.

ఆ తరువాత నూరేండ్లకు, 1658లో, కొమేనియస్ అనే విద్యావేత్త పిల్లలకోసం సచిత్రమైన పాఠ్యగ్రంథాన్ని ప్రచురించినాడు. బొమ్మలోని ప్రతి వస్తువుకూ ఒక అంకె. ఆ అంకెకెదురుగా దాని పేరు. నేటి మన పాఠశాలల గోడపటాలకు అదే మూలపురుషుడని చెప్పవచ్చును. ఫ్రాన్సులో డిడెరో సంపాదకత్వాన 1751 నుంచి 1772 వరకు వెలువడిన విజ్ఞానసర్వస్వంలో పదిహేడు సంపుటాలు రచన, పదకొండు సంపుటాలు చిత్రాలు. చాలా చిత్రపటాలలో పైభాగాన కర్మాగారమూ, పనివారూ; క్రింది భాగాన పనిముట్లు విడివిడిగా కనిపిస్తాయి. మొత్తాన్ని చూపి, పిమ్మట భాగాలను చూపడమనే ఈ పద్ధతి నేటికీ చెడలేదు. ఆ గ్రంథంకోసం పనివారల వద్దకు పోయి అడిగినవారికి ఒక చిక్కు ఎదురైనది. పని బాగా తెలిసినవారు దానిని మాటలలో చెప్పలేకపోయినారు. కొన్నిచోట్ల పనిని తామే చేసి చూచుకోవలసి వచ్చినదని డిడెరో వ్రాసినాడు. ఎంత గొప్ప బొమ్మకైనా వెనుక పనిచేసిన చేయి ఒకటి ఉండవలెనని దీనివల్ల తేలుతున్నది.

ఇరవయ్యవ శతాబ్దం వచ్చేసరికి ప్రశ్న పల్లెలకు, పొలాలకు దిగివచ్చినది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో 1903లో సీమన్ నాప్ అనే వ్యవసాయవేత్త ఒక రైతు పొలంలో, ఆ రైతు చేతనే, కొత్త పద్ధతిని చేయించి చుట్టుప్రక్కలవారికి చూపినాడు. ప్రభుత్వ క్షేత్రంలో పండిన పంట చూచి, అది సర్కారు సొమ్ముతో పండినదని పెదవి విరిచే రైతు, తనవంటివాని పొలాన్ని చూస్తే నమ్ముతాడని ఆయన విశ్వాసం. ప్రదర్శన క్షేత్రమనే మాట ఆ తరువాత ప్రపంచమంతటా వ్యాపించినది.

సూర్యలంకకు పొరుగున, బాపట్లలో, వ్యవసాయ కళాశాల 1945లో ఏర్పడినది. 1964లో అది అప్పుడే నెలకొన్న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగమైనది. ఆ విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టినారు. సాంబ మసూరి అని మనమంతా అన్నంగా ఎరిగిన బి.పి.టి. 5204 వరివంగడం 1986లో విడుదలైనది బాపట్లనుంచే. ఆ మూడక్షరాలు బాపట్ల పేరుకు సంకేతాలు. ఇటువంటి చోట తెలిసిన విషయం రైతు చేతికి చేరడమెట్లా? 1952 అక్టోబరు 2న సమాజవికాస పథకం, మరుసటి సంవత్సరం అదే తేదీన జాతీయ విస్తరణ సేవ ఆరంభమైనపుడు దేశమంతటా ఎదురైన ప్రశ్న ఇదే. గ్రామసేవకులకు శిక్షణ ఇచ్చినారు. వారి సంచులలో గోడపటాలు, చేత పట్టుకొని ఒకటొకటిగా చూపే అట్టలు, బొమ్మలు అంటించే ఫ్లానెల్ గుడ్డ చేరినవి. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ తీసిన చిత్రాలు ప్రచారపు బండ్లమీద పల్లెలకు వచ్చినవి.

ఆ రోజులలోనే జపాను పద్ధతి వరిసాగు ప్రచారం జరిగినది. ఎత్తుమళ్ళలో నారు పోయడం, తక్కువ విత్తనం వాడడం, వరుసలలో నాటడం, వరుసల నడుమ కలుపుతీత యంత్రం నడపడం దాని ముఖ్యాంశాలు. వరుసలు ఎట్లా ఉండవలెనో గోడపటం స్పష్టంగా చూపగలదు. కాని బురదలో నిలిచి, వంగి, వెనుకకు అడుగులు వేస్తూ నాటే స్త్రీకి పటం కనిపించదు. ఆమెకు సాయపడేది గుర్తులు కట్టి పొలానికి అడ్డంగా లాగిన తాడు. ఆ తాడే ఆమెకు బొమ్మ. పని జరిగే చోట, పనిచేసే కంటికి అందేటట్లు ఉండడంవల్ల దానికి ఆ శక్తి వచ్చినది.

విస్తరణ శిక్షణలలో తరచు చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. ఎక్కడ జరిగినదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క దేశం పేరు చెబుతారు. ఈగవల్ల రోగాలు వస్తాయని ఒక అధికారి ఆనపకాయంత ఈగ బొమ్మ చూపినాడట. ఊరివారు శ్రద్ధగా చూచి, “అమ్మయ్య! మా ఊళ్ళో ఇంతంత ఈగలు లేవు” అన్నారట. విని నవ్వుకొంటాము. నవ్విన తరువాత ఆలోచించవలసినది, తప్పు ఎవరిదని. పల్లెవానికి తెలివి చాలలేదనుకోవడం సులభం. బొమ్మకూడా ఒక భాషే. దానిని చదవడం నేర్చుకొంటేనే వస్తుందని తలచేవారు తక్కువ.

ఈ విషయాన్ని నేపాళంలో శ్రద్ధగా పరిశీలించినారు. అక్కడి జాతీయ అభివృద్ధి సేవాసంస్థ, యునిసెఫ్ కలిసి పల్లెల పెద్దలకు పలువిధాల బొమ్మలు చూపి, ఏమి కనిపిస్తున్నదని అడిగి, 1976లో నివేదిక వెలువరించినవి. వెనుకనున్న చెట్లూ, ఇండ్లూ తొలగించి వస్తువును మాత్రమే మిగిల్చిన ఛాయాచిత్రాన్ని, అన్నీ కలిసి ఉన్న ఛాయాచిత్రంకంటె ఎక్కువమంది గుర్తించినారు. పట్నవాసులకు సులభమని తోచే పుల్లమనుషుల వంటి సంక్షిప్త రేఖాచిత్రాలు వారికి కష్టమైనవి. వరుసగా పెట్టిన బొమ్మలను ఎడమనుంచి కుడికి ఒక కథగా చదవవలెనన్న నియమం అందరికీ తెలిసినది కాదని కూడా తేలినది. బొమ్మ గీసినవాడు తన అలవాట్లను లోకధర్మాలనుకొంటాడు. చూచేవాడు తన కన్నులతోనే చూస్తాడు.

ఇప్పుడు సూర్యలంక వృద్ధుని మాటకు తిరిగి వస్తాను. రెండవ ప్రపంచయుద్ధకాలంలో లక్షలమందికి స్వల్పకాలంలో పనులు నేర్పవలసివచ్చి, అమెరికన్ సైన్యం శిక్షణచిత్రాలను విరివిగా తీయించినది. అవి నిజంగా నేర్పుతున్నవా అనే అనుమానం యుద్ధానంతరం పరిశోధనలకు దారితీసినది. వాటిలో 1949లో రోషల్ అనే పరిశోధకుడు చేసినది మనకు ఆసక్తికరం. ఆయన ఎన్నుకొన్న పని తాడు ముడివేయడం. నేర్చుకొన్నవారు నౌకాదళంలో శిక్షణ పొందే యువకులు. ముడివేసేవాని ఎదుట నిలిచి తీసిన చిత్రం ఒకటి. ముడివేసేవాని భుజంమీదుగా, అతని కన్నులకు కనిపించినట్లే తీసిన చిత్రం మరొకటి. రెండవది చూచినవారే మేలుగా నేర్చుకొన్నారు. నిలిచిపోయిన బొమ్మలకంటె కదిలే బొమ్మలు మేలైనవని కూడా తేలినది. అంటే ఎదురుగా కూర్చున్న శిష్యుడు ప్రతి కదలికనూ మనసులో త్రిప్పుకోవలసి వస్తున్నది. ప్రక్కన కూర్చున్నవానికి ఆ బరువు లేదు. పరిశోధనశాలలో కొలిచి తేల్చిన సంగతి, సూర్యలంక ఒడ్డున ఒక వృద్ధునికి అనుభవంవల్ల తెలిసియున్నది.

ఆ పరిశోధనలో ఊహించని అంశం మరొకటి ఉన్నది. చిత్రం నడుస్తుండగానే తాడు చేతబట్టి అభ్యాసం చేసినవారు మిగతావారికంటె మిక్కిలి ముందుంటారని అనుకొన్నారు. ఆశించినంత మేలు కనిపించలేదు. చిత్రం తన వేగంతో తాను పోతున్నది, చేయి వెనుకబడుతున్నది. చేతిని చూచుకొంటే తెరమీది తరువాతి మెట్టు తప్పిపోతుంది. గురువు శిష్యుని చేయి చూచి ఆగుతాడు. తెర ఆగదు.

మా రేడియోకు ఈ చిక్కు ఎన్నడూ ఉన్నదే. 1956లో బొంబాయి రాష్ట్రంలోని సుమారు నూటయేభై గ్రామాలలో పూనా కేంద్రంగా, యునెస్కో తోడ్పాటుతో, రేడియో గ్రామగోష్ఠుల ప్రయోగం జరిగినది. ఊరివారు గుంపుగా కూర్చుని ప్రసంగం విని, పిమ్మట చర్చించి, తమ ప్రశ్నలు కేంద్రానికి వ్రాసి పంపేవారు. విని ఊరకుండకుండా మాట్లాడుకొనడంవల్ల విషయం బాగా మనసుకెక్కినది. 1959లో దీనిని దేశమంతటికీ విస్తరింపజేసినారు. కాని ముడి వేయడం, అంటు కట్టడం వంటి చేతిపనులను మాట ఒంటరిగా నేర్పలేదని రేడియోలో పనిచేసేవారికి తెలియనిది కాదు. ఎరువు ఎప్పుడు వేయవలెనో, ఎంత వేయవలెనో మేము చెప్పగలము. ఎట్లా చల్లవలెనో చూపలేము.

ఆ చూపే శక్తి ఆకాశంనుంచి వచ్చినది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా ఉపగ్రహం ఒకదానిని ఏడాదిపాటు తీసుకొని, ఆరు రాష్ట్రాలలో దాదాపు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు పంపినారు. ఆ రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారైనవి. నాటి ప్రయోగంలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచేది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో ఇచ్చిన శిక్షణ. అందులో టెలివిజన్ పాఠం ఒక భాగం మాత్రమే. దానితోపాటు రేడియో పాఠం, అచ్చు పుస్తకం, చేతులతో చేయవలసిన ప్రయోగాలు, ప్రక్కన ఉండి సాయపడే మనిషి. బొమ్మ ఒంటరిగా నేర్పదని గ్రహించి, దానికి తోడు సమకూర్చినారు.

తరువాతి కాలంలో వరిచేలలోకి వచ్చిన ఒక చిన్న సాధనం చూడండి. ఆకురంగు పట్టిక అని దానిపేరు. జపానులో పుట్టి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థ ద్వారా ఆసియా దేశాలకు వ్యాపించినది. చేతిలో ఇమిడే ప్లాస్టిక్ పలకమీద లేతపసుపు పచ్చనుంచి ముదురాకు పచ్చవరకు కొన్ని పట్టీలు ఉంటాయి. పైరులో పూర్తిగా విచ్చుకొన్న పై ఆకును ఎన్నుకొని, దాని నడిమి భాగాన్ని పట్టీ ప్రక్కన పెట్టి పోల్చవలెను. ఎండ తగలకుండా మన నీడ పడనివ్వవలెను. ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే వేళకు చూడవలెను. పది మొక్కలలో ఆరింటికి రంగు తగ్గినట్లు కనిపిస్తే నత్రజని వేయవలసిన అవసరం వచ్చినదని గుర్తు. ఈ బొమ్మ గోడమీద వేలాడదు. ఆకు ప్రక్కన నిలుస్తుంది. రైతు కన్నుకు అది కొలతను మాత్రమే ఇస్తున్నది. నిర్ణయం రైతుదే.

దీనికంటె ఒక మెట్టు పైన నిలిచినది పొలంబడి. సుడిదోమ బెడద తరువాత 1989లో ఇండొనేషియాలో మొదలైన ఈ పద్ధతి మన రాష్ట్రంలో ఆ పేరుతో ప్రసిద్ధమైనది. పాతిక ముప్పైమంది రైతులు పంటకాలంలో వారం వారం చేలో దిగి, మొక్కలను పరిశీలించి, గట్టుమీదికి వచ్చి పెద్ద కాగితంమీద తామే బొమ్మ వేస్తారు. నడుమ పైరు, ఒక ప్రక్క హానిచేసే పురుగులు, మరొక ప్రక్క వాటిని తినే మిత్రపురుగులు, క్రింద నీటిమట్టం, పైన ఆకాశం. ఎన్ని చూచినారో అన్నే వేయవలెను. తరువాత మందు చల్లవలెనా, వద్దా అని చర్చించి నిర్ణయానికి వస్తారు. సాలీడుకు ఎన్ని కాళ్ళో గీయబోయేవరకు మనకు తెలియదు. గీయడానికి మళ్ళీ చూడవలసివస్తుంది. కొమేనియస్ నాటినుంచి గురువు వేసి శిష్యునికి చూపుతూ వచ్చిన బొమ్మ, ఇక్కడ శిష్యుని చేతిలోకి వచ్చినది. ఇందులో ఈగ కథకు తావులేదు. గీసినవాడూ చూచేవాడూ ఒక్కడే గదా!

నేడు ప్రతి యింటా చేతిఫోను ఉన్నది. ముడి వేయడంనుంచి మోటారు విప్పడంవరకు సమస్తమూ అందులో చూచి నేర్చుకొంటున్నారు. రోషల్ కాలంనాటి చిక్కు ఒకటి దీనివల్ల తీరినది: తెరను ఆపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును, చేయి అందుకొనేవరకు వేచియుండవచ్చును. రెండవ చిక్కు ఇంకా తీరలేదు. చిత్రం తీసేవారిలో చాలామంది ఇప్పటికీ ఎదుట నిలిచే తీస్తున్నారు. పనివాని ముఖం చక్కగా కనిపిస్తుంది. చేయి తిరగబడి కనిపిస్తుంది. చూచినవాడు నేర్చుకోలేకపోతే, వానికి శ్రద్ధ లేదని అంటారు. ఎందరు పిల్లలు, ఎందరు కూలివారు ఈ మాటపడి, తమకు చేతగాదని తామే నమ్మి, పని విడిచిపోయినారో! నేర్పేవాడు తాను నిలిచిన చోటు ఒక్కసారి పరీక్షించుకొంటే ఆ నింద తప్పిపోయేది.

పని నేర్పవలసివచ్చిన ఇంటి పెద్దలకు, ఉపాధ్యాయులకు ఈ చరిత్రనుంచి గ్రహించదగిన విషయాలు కొద్దిగానే ఉన్నవి. కంటికి కనిపించని లోపలి భాగాన్నీ, పనుల వరుసనూ బొమ్మతో చూపండి. బిగువు, బరువు, అదను వంటివి చేతికి చేయి తగిలించి చూపండి. బొమ్మను పని ప్రక్కన పెట్టండి, నేర్చుకొనేవాడు చూచే దిక్కునుంచి వేయండి. అతని చేయి ఆగినపుడు మీరూ ఆగండి. చివరకు కాగితమూ పెన్సిలూ అతనికిచ్చి గీయమనండి; అతనికి తెలిసినదేదో, తెలియనిదేదో ఆ గీతలే చెబుతవి.

సూర్యలంకలో ఆ ఉదయం నేను అల్లిన నాలుగు కన్నులు ఆ వలలో ఏమాత్రం నిలిచినవో చెప్పలేను. నేను లేచి వస్తుండగా ఆ వృద్ధుడు వాటిని ఒకటొకటిగా లాగి చూచి, ఒకదానిని విప్పి తిరిగి వేసినాడు. మిగతా మూడింటిని అట్లాగే ఉంచినాడు.